ఆయన అన్‌ఫిట్ కాలేదు

మా కొడుకు ముందు గదిలో గోడకు ఆనుకుని ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టేవాడు. ఏదో పోటీ పరీక్షకు. నేను వంటింట్లో బియ్యం ఏరుతూ వినేదాన్ని. నా చదువు నాలుగో తరగతిలో ఆగింది గానీ, ఒకసారి చెవిన పడిన మాట నన్ను వదిలిపోదు. పావర్టీ అంటే పేదరికం. స్కార్సిటీ అంటే కొరత. డెఫిషియెన్సీ అంటే ఉండాల్సినంత లేకపోవడం. డెస్టిట్యూట్ అంటే తిండీ గూడూ, నా అనేవాళ్ళూ ఎవరూ లేకపోవడం.

"లేదు అనే ఒక్క ముచ్చటకు గిన్ని మాటలేంది బిడ్డా?" అన్నాను.

"ఏది లేదో, ఎంత లేదో, దేనికి దానికే పేరు పెట్టుకున్నరమ్మా."

"మరి మనం ఏ మాట కిందికి వస్తం?"

వాడు నవ్వాడు. "దేని కిందికీ రాం. బాపుకు జీతమున్నది. ఉండనీకి క్వార్టర్ ఉన్నది. మనకు తెల్లకార్డు గూడ ఇయ్యరు."

నిజమే. ఆ జీతం మీద మేమిద్దరం, వాడు, వాడి భార్య, ఇద్దరు పిల్లలు. ఆయన రిటైరైన రోజున జీతమూ పోతుంది, క్వార్టరూ పోతుంది.

అందుకే మా ఆశంతా ఇంకో ఇంగ్లీషు మాట మీద ఉండేది. అన్‌ఫిట్. బొగ్గు బావిలో చేసేవాడిని కంపెనీ మెడికల్ బోర్డు డాక్టర్లు చూసి, ఇక వీడి వల్ల కాదని అన్‌ఫిట్ రాస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. కొడుక్కి వయసు మించకూడదు. మావాడికి దసరా వెళ్తే మించుతుంది. మా ఆయనకు మోకాళ్ళు పట్టేశాయి, మెట్లెక్కితే ఆయాసం, కాబట్టి కొంచెం ధైర్యంగానే ఉన్నాం. మొగుడి రోగం డాక్టర్లకు బాగా కనపడాలని దేవుడికి మొక్కిన ఆడది మా కాలనీలో నేనొక్కదాన్నే కాదు.

బోర్డుకు పోయే పొద్దున ఆయన గడ్డం గీసుకుని, తలకు నూనె పెట్టి, ఇస్త్రీ అంగీ తొడుక్కుని బయటికొచ్చాడు. ఆయనతో పాటు బావిలో చేసే పక్క క్వార్టర్ ఆయన వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏంది బావా, పెండ్లిచూపులకా? అన్‌ఫిట్‌కు పోయేటోడు గింత నున్నగ పోతడా? జర దగ్గుకుంట పో!"

"డాక్టర్ల ముందటికి పాచిమొఖంతోని పోతనారా?" అన్నాడు ఈయన.

బోర్డు కూర్చునే కొత్తగూడెం దవాఖానకు కొడుకుతో కలిసి ముగ్గురం పోయాం. వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా ఒకరిని మించి ఒకరు మూలుగుతున్నారు. ఇంతలో దవాఖానలో పనిచేసే ఒకతను గ్యాస్ సిలిండర్ బండి తోసుకొస్తుంటే గడప దగ్గర చక్రం ఇరుక్కుంది. నేను చెయ్యి పట్టుకునేలోపే మా ఆయన లేచివెళ్ళి, భుజం ఆనించి ఒక్క ఊపున దాన్ని గడప దాటించాడు. ఆ మోకాళ్ళ నొప్పులు అప్పుడు ఎక్కడికి పోయాయో!

కొడుకు తల పట్టుకున్నాడు. "నీకు దండం పెడ్త బాపు, కూసోరాదే."

"ఆగిపోయిందిగదరా. చూసుకుంట ఎట్ల కూసుంట?"

లోపలికి పిలిస్తే నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్ద డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, మర్యాదగానే అడిగాడు. "పని చెయ్యగలుగుతున్నారా?"

ఈయన నిటారుగా నిలబడి, "చేస్త సార్" అన్నాడు.

బావిలో ఏ సారు ఏ పని చెప్పినా బతుకంతా ఆయన చెప్పిన జవాబు అదే. నోటికి ఇంకోటి రాదు.

బస్సులో అడిగాను. "గట్లెందుకన్నవయ్యా?"

"మొఖం మీద అడిగితే చెయ్యనని ఎట్ల అంట? సిగ్గుండదా?"

ఫిట్ అని వచ్చింది. సిలిండర్ బండి నెట్టడం చూశారో, ఆ మాట పట్టుకున్నారో, ఊపిరితిత్తులు నిజంగానే బాగున్నాయో నాకు తెలియదు. వాళ్ళు అబద్ధం రాశారని నేను అనను. మాకు కావలసినంత రోగం ఆయన ఒంట్లో లేదు, అంతే. "నూరేండ్లు బతుకుతవు బావా" అన్నాడు పక్కింటాయన. ఆ పూట మా ఆయన కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

దసరా వెళ్ళిపోయింది. వాడు మళ్ళీ పుస్తకం పట్టలేదు. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద మట్టి పనికి కుదిరాడు. డిగ్రీ ఉన్నా వాడి గేటు కార్డు మీద అన్‌స్కిల్డ్ అని ఉంది. అదేమిటని అడిగితే వాడు వినపడనట్టు చెప్పులు వేసుకున్నాడు. కోడలు చెప్పింది, "ఏ పనీ రానోడని, అత్తమ్మా."

మా ఆయన డ్యూటీ బస్సు మావాడు పనిచేసే మట్టిగుట్ట పక్కనుంచే పోతుంది. అటువైపు కిటికీ సీటు ఖాళీగా ఉన్నా ఈయన అవతలి వరుసలో కూర్చుంటాడట. పక్కింటాయన చెప్పాడు.