పొద్దుగూకని ఒక్కపొద్దు

సూర్యుడు నా మీద పగబట్టి, గూకనని మొండికేసి, నన్ను ఆకలితో చంపబోయిన సంగతి చెబుతాను. అన్నం తిన్నాకే వినండి. నా ఆకలి మీకంటుకుంటే నా పూచీ లేదు.

లండన్‌లో మా చెల్లెలు సుగుణకు ఆపరేషన్ అన్నారు. అది లేచి తిరిగేదాకా శనివారాలు ఒక్కపొద్దుంటానని వెంకన్నకు మొక్కాను. అంటే పగలంతా పస్తు. పొద్దుగూకి దీపం పెట్టాక ఒక్కసారే తినాలి. ఒక్క వారం తప్పినా చెల్లెలికేమవుతుందోనని భయం. ఆపరేషన్‌కు ముందే సాయానికి రమ్మని అది టికెట్ పంపితే, ప్రయాణం సరిగ్గా శనివారమే పడింది.

నాకు అక్షరాలు రావు గానీ అంకెలొచ్చు. ఎక్కేది పొద్దున ఏడింటికి, దిగేది పన్నెండున్నరకు. మా ఆయన పోయాక ఇంట్లో తెలివంతా నాదేనన్న ధీమా కదా, దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్కింటి రమణమ్మగారి దగ్గర చాటింపు వేశాను.

“ఐదున్నర గంటలే వదినా! ఎల్బీనగర్ల బస్సెక్కి బెజవాడ పోవుడే గంతసేపు.”

“మా తమ్ముడికి పది గంటలు పట్టిందన్నాడేంటండీ?” అన్నారావిడ, భీమవరం మనిషి.

“ఆయనెక్కింది పాసింజరేమో. నాది ఎక్స్‌ప్రెస్!”

విమానంలో మా ఆయన గడియారం చేతికి పెట్టుకు కూర్చున్నాను. పన్నెండున్నర దాటింది. దిగలేదు. ఉప్మా వాసన వచ్చింది, పోయింది, మళ్ళీ ఇంకేదో వచ్చింది. మూడైంది. ఎండ కిటికీలోంచి నన్నే చూస్తోంది.

“ఇమానం తొవ్వ తప్పిందా బిడ్డా?” అని పక్క సీటు అమ్మాయినడిగాను.

“లేదమ్మా. దిగే టైము లండన్ గడియారంది. ఆడ మనకంటే నాలుగున్నర గంటలు ఎనక. దూరం ఏడున్నర వేల కిలోమీటర్ల పైనే, పది గంటలు పడతది. మనం పడమటికి సూర్యునెంట ఉరుకుతున్నం.”

ఆకలి రుచెరగదంటారు. నా ఆకలి గడియారం కూడా ఎరగలేదు.

చెల్లెలి ఇల్లు చేరేసరికి ఎండ ఫెళఫెళలాడుతోంది.

“ఈడ పొద్దెప్పుడు గూకుతదే?”

“తొమ్మిదిన్నరకక్కా. ఎండకాలం గద.”

“రాత్రి తొమ్మిదిన్నరకా! గా సూర్యునికి ఇల్లూ వాకిలీ లేదానే?”

నా మొహం చూసి సుగుణ జాలిపడింది. “మొక్కింది ఆడ, మన ఇంటి దేవునికి. ఆడ చీకటైంది గద. రమణమ్మ వదినను దీపం పెట్టమను.”

వీడియోలో ఫోను చేశాం. తాళంచెవి రమణమ్మగారి దగ్గరే ఉంది. “చీకటి పడి గంటైందండీ! ఇదిగో, వెలిగించాను,” అన్నారు. ఫోనులో మా ఇంటి దీపానికి దండం పెట్టాను.

“అన్నం పొయ్యి మీదున్నది, జర ఆగక్కా,” అంటోంది సుగుణ. ఆగితే ఒట్టు! చేతికందిన రెండు చల్లటి బ్రెడ్డు ముక్కలను మామిడికాయ తొక్కుతో మింగేశాను. మొక్కు నిలిచింది, ప్రాణం కుదుటపడింది.

తొమ్మిదిన్నరకు సూర్యుడు తీరిగ్గా గూకాడు. సుగుణ వేడివేడి అన్నం, పుంటికూర పప్పు, అప్పడాలు తెచ్చి, నా ఎదురుగా కూర్చుని తన ముందు పెట్టుకుంది. నేను చెయ్యి చాచాను. కంచం పక్కకు జరిపింది.

“వాసన చూడక్కా, తినకు. ఒక్కపొద్దంటే ఒక్కపారే గద! నాకేమన్న అయితే?”

అందుకే వెంకన్న సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఇకమీదట ఏ ఊరికి పోయినా, ముందు ఆ ఊరి సూర్యుణ్ణి అడుగుతాను. ఆ తర్వాతే దేవుడికి మాటిస్తాను.