కుర్చీలక్క స్టూలు

రాజధానిలోని అంతర్జాతీయ సమావేశ మందిరంలో నాలుగు వేల కుర్చీలున్నాయి. వాటిని దారం పట్టి వంకర లేకుండా వరసల్లో వేసేది కుర్చీలక్క. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలీదు. పంతొమ్మిదేళ్ళుగా ప్రపంచాన్నంతా కూర్చోబెట్టిన మనిషి, తాను మాత్రం అక్కడ ఒక్కసారీ కూర్చోలేదు. సిబ్బంది హాల్లో కూర్చోకూడదని రూలు. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, మహా గొప్ప బుర్ర!

మోకాళ్ళు అరిగిపోయాయనీ, ఇలాగే నిలబడితే ఏడాదిలో మంచమెక్కడం ఖాయమనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో అప్పటికే మంచాన పడ్డ మొగుడున్నాడు. ఇద్దరూ పడుకుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? తలుపు దగ్గర ఒక్క స్టూలు వేయించమని మూడు అర్జీలు పెట్టుకుంది. మూడూ "పరిశీలనలో" ఉన్నాయి. పరిశీలించీ పరిశీలించీ ఆ కాగితాలక్కూడా కీళ్ళనొప్పులొచ్చి ఉంటాయి.

ఇంతలో ఆ హాల్లోనే "శ్రామికుల ఆరోగ్యం" మీద ప్రపంచ మహాసభ పెట్టారు. ప్రతినిధులు మొదటిరోజు భోజనాల దాకా ఓపిక పట్టి, రెండోరోజు ఊరు చూడ్డానికి చెక్కేశారు. హాలు సగం ఖాళీ. టీవీ కెమెరాలేమో వచ్చేశాయి. మేనేజరు ముఖాన నెత్తురుచుక్క లేదు.

"అక్కా, మీరంతా ఏప్రన్లు తీసేసి కూర్చోండి, త్వరగా!"

"రూలు కదా సార్?"

"రూలూ లేదు, గీలూ లేదు. కూర్చోవమ్మా తల్లీ!"

కూర్చుంది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! నిలబడి పనిచేసేవాళ్ళ మోకాళ్ళ గురించి వేదిక మీద ఒక పెద్దమనిషి గంటసేపు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నాడు. కుర్చీలక్క చెయ్యెత్తింది.

"నేనిక్కడ కుర్చీలు వేసేదాన్ని బాబూ. తలుపు దగ్గర నాకో స్టూలు ఇప్పించండి."

సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మేనేజరు కళ్ళురిమితే, పాపం, ఆమె కూడా లేచి నిలబడాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే స్టూలు వచ్చింది. తలుపు దగ్గరికి కాదు, ముఖద్వారం ముందుకి. చుట్టూ ఎర్రతాడు, పక్కన బోర్డు: "శ్రామికుల ఆరోగ్యానికి మా కానుక. ముట్టుకోరాదు." దాని పక్కన నిలబడి కాపలా కాసే డ్యూటీ కుర్చీలక్కకే వేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి.

కుర్చీలక్క బోర్డు చదివింది. ఒళ్ళు మండిపోయింది. తాడెత్తి లోపలికి దూరి, స్టూలు మీద కూర్చుంది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"లే అక్కా, విలేకరులొస్తున్నారు!"

"రానివ్వండి సార్. నేను లేస్తే వాళ్ళకి ఉత్త స్టూలేగా కనబడేది?"

కెమెరాలు రానే వచ్చాయి. వాళ్ళ ముందు ఆమెను లేపేదెలా? మేనేజరు పళ్ళికిలిస్తూ పక్కనే నిలబడ్డాడు. మొదటి బృందం వెళ్ళేసరికి రెండోది వచ్చింది. అలా సాయంత్రం దాకా నిలబడే ఉన్నాడు.