ముక్కుకు కట్టిన గుడ్డ

ఆదోని పత్తిమిల్లులో దూది పొడి పీల్చకుండా ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. పోయిన ఏడు నేను కాటా దగ్గర తూకం వేస్తుండగానే మేస్త్రి ఒకామె గుడ్డ లాగేసి, "మొగం సూపిస్తే అరిగిపోతావా?" అని నవ్వాడు. ఆమె ఏడుస్తూ వెళ్లి యజమానికి చెప్పింది.

"గొడవెందుకు, ఆయమ్మను ఎనక షెడ్డుకు మార్చండప్పా" అన్నాడాయన. అది గింజల బస్తాలు మోసే చోటు.

నాకు ఒళ్లు మండింది. "గుడ్డ లాగినోడు ఈడ, ఏడ్సినామె ఆడనా సామీ?" అన్నాను.

"నీకెందుకు తాతా, కాటా సూసుకో" అన్నాడు మేస్త్రి.

తక్కిన ఆడవాళ్లంతా లేచి ఆమె వెంట వెనక షెడ్డుకు నడిచారు. పత్తి వేసేవాళ్లు లేక మిషన్లు ఆగిపోయాక గానీ యజమాని మేస్త్రిని పనిలోంచి పంపేయలేదు. ఆమె ఒక్కతే చెప్పినప్పుడు చాలలేదా? ఇంతమంది పని ఆపాలా?