ఫోన్‌లో రంగు తెలియదమ్మా

తెనాలిలో మాకో మ్యాచింగ్ సెంటర్ ఉంది. బ్లౌజు ముక్కలు, ఫాల్సు, లైనింగు గుడ్డ, లంగాలు అమ్ముతాం. మా ఆయన బిల్లు దగ్గర కూర్చుంటారు. రంగు చూసి ముక్క తీసే పని నాది. వంగపండు రంగుకీ రాణీ రంగుకీ మధ్య ఇంకెన్ని రంగులున్నాయో నాకు తెలుసు. ట్యూబులైటు కింద కలిసినట్టున్న ముక్క ఎండలో కలవదని కూడా తెలుసు. అందుకే ఏ ముక్క తీసినా, గుమ్మం బయటికి వెళ్ళి వెలుగులో చూసుకోండని కస్టమర్లను పంపించేదాన్ని.

వాట్సాప్‌లో చీర ఫోటో పెట్టి "ఆంటీ, దీనికి మ్యాచింగ్ తీసి పెట్టండి" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. "ఫోన్‌లో రంగు తెలియదమ్మా, చీర పట్టుకుని రా," అని మొహం మీదే చెప్పేదాన్ని. చీర తేలేనంత పనులున్నవాళ్ళకు బ్లౌజు మాత్రం ఎందుకని మా ఆయన దగ్గర సణిగేదాన్ని కూడా. నా నోరు మంచిది కాదని బజారంతా ఎరుగును. అయినా నా చేతి ముక్క కలుస్తుందని వచ్చేవాళ్ళు.

పోయిన ఏడాది వానాకాలంలో ముందు నా నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. ఆ తర్వాత రంగులు పోయాయి. పోయాయంటే కనపడకపోవడం కాదు. నెమలికంఠం రంగు నెమలికంఠంలాగే ఉంది, చిలకపచ్చ చిలకపచ్చలాగే ఉంది. వాటితో నాకేమీ పని లేనట్టు అయిపోయింది. కస్టమరు చీర విప్పి పరిస్తే, దాన్ని మళ్ళీ మడత పెట్టాలే అని ఏడుపు వచ్చేది. ఇంటికి వెళ్ళి నిజంగానే ఏడ్చేదాన్ని.

ఏం కష్టం వచ్చిందే అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క కష్టమూ లేదు. నాకు అన్నిటికంటే సిగ్గు అదే. మొగుడు కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. షాపు నడుస్తోంది. కష్టం ఉన్నవాళ్ళు ఏడిస్తే అర్థముంది, నాకేం వచ్చిందని? ఇది జబ్బు కాదు, కొవ్వు అని నన్ను నేనే తిట్టుకున్నాను. అలా తిట్టుకుంటూనే ఒకరోజు, నేను లేకపోతే ఈ ఇంటికి హాయి అనుకున్నాను. ఆ మాట మర్నాడు మళ్ళీ వచ్చింది. తర్వాత రోజూ వచ్చేది, పాలవాడిలాగా.

మానసిక వైద్యులు మా ఊళ్ళో లేక కాదు. మా షాపుకి రెండు వీధుల అవతలే ఒక డాక్టరు గారు ఉన్నారు. కింద మందుల షాపు, పక్కన నిటారు మెట్లు, పైన క్లినిక్. బోర్డు మీద అక్షరాలు ఎంత పెద్దవంటే, చత్వారం వచ్చినవాళ్ళు కూడా కళ్ళజోడు లేకుండా చదువుతారు. ఆ మెట్లు ఎక్కుతూ ఎవరైనా కనపడితే సాయంత్రానికి మా కౌంటరు ముందు అదే కబురు. మూతి విరిచి ఆ కబురు చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆ మెట్లు నేనెలా ఎక్కను?

బాపట్లలో ఉన్న మా చెల్లెలికి ఒక్కదానికే చెప్పాను, అదీ సగమే. విజయవాడలో ఒక డాక్టరమ్మ ఫోన్‌లోనే చూస్తారని అదే కనుక్కుంది. ఎవరి కంటా పడక్కర్లేదు, గడప దాటక్కర్లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా చెల్లి మాత్రం వెంటనే తొందరపడలేదు.

"ఫోన్‌లో చూపించుకోవటం నీకు సరిపోద్దో లేదో ఒకసారి ఆలోచించుకో అక్కా. మనసులో మాట చెప్పటానికి మీ ఇంట్లో చోటేదీ?"

"ఇల్లన్నాక చోటుండదా ఏంటి?" అని కసిరాను.

మా ఆయనకు నిద్రపట్టడం లేదని మాత్రం చెప్పాను. పాపం, మంచిదే చూపించుకోమన్నారు. డాక్టరమ్మ ఫోన్ చేసే రోజు ఉల్లిపొర రంగు చీర కట్టుకున్నాను, దానికి అచ్చంగా కలిసే బ్లౌజు వేసుకున్నాను. పౌడరు రాసుకున్నాను. పూలు కూడా పెట్టుకోబోయి, పెళ్ళిచూపులు కావు కదా అని మానేశాను. మంచం మీద వారం రోజులుగా మడత పెట్టని బట్టలున్నాయి. వాటిని ఫోన్‌లో పడనంత దూరం జరిపి, నా వెనక గోడ వరకు శుభ్రం చేశాను. ఫోను బియ్యం డబ్బాకి ఆనించాను.

మా ఆయన వచ్చి పక్కనే కూర్చున్నారు. డాక్టరు ముందు పెళ్ళాన్ని ఒంటరిగా వదిలేస్తే పట్టించుకోని మొగుడనుకుంటారు మా వైపు. మొదటి రెండు ప్రశ్నలకు ఆయనే జవాబు చెప్పారు. డాక్టరమ్మ మర్యాదగా, "సార్, కాసేపు మేమిద్దరం మాట్లాడుకుంటామండి," అన్నారు. ఆయన లేచి బయటికి వెళ్ళారు.

ఆ గది తలుపు వానలకు ఉబ్బి పట్టదు. కర్టెన్ వేసుకుంటాం. అది నేలకి జానెడు ఎత్తులోనే ఆగిపోతుంది. ఆ జానెడు సందులో ఆయన పాదాలు కనపడుతున్నాయి, నల్లబడిన బొటనవేలి గోరుతో సహా. ఆవిడకు అవి కనపడవు కదా.

"ఇప్పుడు మీరొక్కరే ఉన్నారా అమ్మా?"

"ఒక్కదాన్నేనండి."

నిద్ర గురించి, తిండి గురించి అడిగారు. సగం సగం చెప్పాను. తర్వాత గొంతు తగ్గించి, "బతకాలని లేదని, చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?" అన్నారు.

పాదాలు కదల్లేదు. అటే చూస్తూ, "అబ్బే, అట్టాంటివేం లేవండి," అన్నాను. నవ్వాను కూడా. ముప్ఫై రకాలు విప్పించి ఏమీ కొనకుండా వెళ్ళే కస్టమర్ల ముందు నవ్వే నవ్వు అది. ఆ నవ్వు నాకు బాగా వచ్చు.

ఆవిడ రాత్రికి వేసుకోమని ఒక మాత్ర రాశారు. మళ్ళీ మాట్లాడదామన్నారు. అలాంటి ఆలోచన ఎప్పుడొచ్చినా ఆగకుండా చెప్పమన్నారు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళమన్నారు. అలాగేనండి అన్నాను. మా ఆయన లోపలికి వచ్చి, ఎన్నడూ లేనిది, తనే కాఫీ కలిపి ఇచ్చారు. "చూశావా, ఏం లేదు. నీరసం, అంతే," అన్నారు. ఆయన మొహంలో ఆ నిశ్చింత చూసి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత కొన్నాళ్ళకు రేపల్లె నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. చేపల వ్యాపారం వాళ్ళది. వాళ్ళ పిల్లల చిన్నప్పటి నుంచీ మా దగ్గరే బ్లౌజులు కొంటారు. మనవరాలి పెళ్ళి చీరల ఫోటోలు పంపి, "తెనాలి దాకా రాలేకపోతున్నానమ్మాయ్, నువ్వే చూసి పంపించు," అంది. ఇంకెప్పుడైనా అయితే ససేమిరా అనేదాన్ని. వద్దని వాదించడానికి కూడా ఓపిక లేక సరేనన్నాను. ఫోను చూసి ముక్కలు చించి బస్సులో పంపించాను. ఒక్కటంటే ఒక్కటీ కలవలేదు.

మార్చి ఇవ్వడానికి సంచీ నిండా ముక్కలు వేసుకుని రేపల్లె రైలెక్కాను. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. పెద్దావిడ వాకిట్లో నులకమంచం మీద, ఎండలో, చీరలన్నీ పరిచి ఉంచింది. నేను పంపిన ముక్కలు వాటి పక్కన వెలవెలబోతున్నాయి. ఆవిడ వాటి వైపు చూడనే లేదు. నా గడ్డం పట్టుకుని మొహం ఎండవైపు తిప్పింది.

"ఏంటమ్మా, ఇట్టా అయిపోయావు? ఫోన్‌లో బాగానే మాట్లాడావే! మనిషివి సగమయ్యావు."

నాకు కోపం వచ్చింది. పెళ్ళి పనులు చూసుకోక నా మొహంతో నీకేం పని అనబోయాను. మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ కోడలు మంచినీళ్ళు తెచ్చి, నా వైపు చూడకూడదన్నట్టు తల పక్కకు తిప్పుకుని నిలబడింది. ఒకరి వాకిట్లో, పెళ్ళి చీరల మధ్య, ఏ కష్టమూ లేని నేను అలా ఏడ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తిరుగు రైల్లో జనం లేరు. గాలికని తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడ నాకు వచ్చిన ఆలోచన ఏమిటో రాయను. అది రోజూ వచ్చేదే, కానీ ఆ రోజు మరీ దగ్గరికి వచ్చింది. నాకు నేనంటేనే భయం వేసింది. లోపలికి వచ్చి, ఎవరో తల్లీపిల్లలున్న సీట్లో ఇరుక్కుని కూర్చుని, సంచీ ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాను. తెనాలిలో దిగి ఇంటికి వెళ్ళలేదు. బాపట్ల రైలెక్కి, ఎక్కాక చెల్లికి ఫోన్ చేశాను.

అది స్టేషనుకు వచ్చింది. నా మొహం చూసి, నేను తన దగ్గరే ఉన్నానని మా ఆయనకు ఫోన్ చేసి చెప్పింది. రాత్రంతా నా పక్కనే పడుకుంది. పొద్దున్నే డాక్టరమ్మకు కబురు పెట్టి, ఆవిడ ఫోన్ చేసే వేళకు పిల్లల్ని బడికి పంపించేసి, తను ఎదురింటి అరుగు మీద కూర్చుంది. "నాకేం వినపడదు. నువ్వు కేకేస్తే మాత్రం వినిపిస్తది," అని చెప్పి వెళ్ళింది.

ఈసారి పౌడరు లేదు. నిన్నటి చీరే, నలిగిపోయి ఉంది. ఇల్లంతా తిరిగి ఎవరూ లేరని చూసుకుని, ఆవిడ అడగకముందే చెప్పేశాను. పోయినసారి అబద్ధం చెప్పానని, కర్టెన్ వెనక మా ఆయన ఉన్నారని, రోజూ వచ్చే ఆ మాట గురించి, రైలు తలుపు గురించి. తిడతారనుకున్నాను. నేనైతే తిట్టేదాన్ని.

"చెప్పారు, చాలా మంచి పని చేశారమ్మా," అన్నారు ఆవిడ. "ఇంత దాకా వచ్చాక మీకు ఫోను చాలదు. ఇవాళే ఒక డాక్టరు మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలి. మీ చెల్లెల్ని పిలవండి. ఆమె వచ్చేదాకా నేను ఫోను పెట్టను."

ఫోను తప్పని నేను ఎవరికీ చెప్పను. గడప దాటలేని ఆ రోజుల్లో అది లేకపోతే నేను ఆ కాస్తా చెప్పేదాన్ని కాదు. జబ్బు ఫోన్‌లో చూడదగ్గ దశలో ఉండి, మాట్లాడటానికి మూసిన తలుపు ఉండి, నిజం చెప్పగలిగితే దానితో చాలామందికి సరిపోతుంది. నేను మాత్రం దాన్ని చూపించుకోవడానికి కాక, దాక్కోవడానికి వాడుకున్నాను.

చెల్లి రమ్మంటే మధ్యాహ్నానికి మా ఆయన బాపట్ల వచ్చారు. షాపు మూసి వచ్చారు. తెనాలికి తిరిగి వెళ్ళే రైల్లో నేనే అంతా చెప్పాను. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

"నువ్వు 'అట్టాంటివేం లేవండి' అన్నప్పుడు కర్టెన్ అవతలే దేవుడికి దణ్ణం పెట్టుకున్నా," అన్నారు అటే చూస్తూ. తర్వాత నా వైపు తిరిగారు. "నేనున్నాననే అట్టా చెప్పావా?"

"మీ కాళ్ళు కనపడుతున్నాయండి."

ఆయన తన పాదాల వైపు చూసుకున్నారు. మెల్లగా వాటిని చెప్పులతో సహా సీటు కిందికి లాక్కున్నారు. ఆ రోజు నిజం అననందుకు ఎంత సిగ్గుపడ్డానో, ఇప్పుడు ఈ మాట అన్నందుకూ అంత సిగ్గుపడ్డాను.

తెనాలిలో దిగి నేరుగా ఆ మెట్ల దగ్గరికే వెళ్ళాం. బజారు నిండా జనం. కొంగు తల మీదుగా లాక్కుని, గోడవైపు మొహం పెట్టి మెట్లెక్కాను, దొంగలాగా. డాక్టరు గారు ఇద్దరినీ కూర్చోబెట్టి నాలుగు మాటలు అడిగి, మా ఆయన్ని బయట ఉండమన్నారు. ఆయన తలుపు దగ్గర ఆగలేదు. వరండాలో కుర్చీలున్నా కూర్చోలేదు. చెప్పుల చప్పుడు మెట్ల మీదుగా కిందిదాకా వినపడింది.

డాక్టరు గారు ఏదో రాసుకుంటుంటే కిటికీలోంచి చూశాను. నేను నెలల తరబడి తల తిప్పుకుని దాటిన ఆ బోర్డు కింద, ఎండలో, బజారందరికీ కనపడేలా మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మా కస్టమరు ఒకామె బండి ఆపింది.

"ఏంటి బాబాయ్, షాపు కట్టేసి ఇక్కడున్నారు?"

ఏం చెబుతారో అని కిటికీ వైపు చెవి ఒగ్గాను. పళ్ళ నొప్పి అనో, ఎవరికోసమో వచ్చామనో అంటారనుకున్నాను.

"మీ పిన్నికి మనసు బాగుండట్లేదమ్మా," అన్నారు, మామూలు గొంతుతోనే. "పైన డాక్టరు గారు చూస్తున్నారు."

డాక్టరు గారు తలెత్తి, విజయవాడ డాక్టరమ్మ అడిగిన ఆ ప్రశ్నే అడిగారు. నేను తలుపు వైపు చూశాను. అది గట్టిగా వేసి ఉంది. దాని కింద సందులో ఎవరి పాదాలూ లేవు.

"అనిపించిందండి," అన్నాను.