పాటల పోటీలో మా చెల్లెలు ఓడిపోయాక

మా చెల్లెలు టీవీ పాటల పోటీలో ఫైనల్ దాకా వెళ్తుందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. మొఘల్‌పురాలో మాది చీరల దుకాణం. గిరాకీ లేని మధ్యాహ్నాలు అక్కాచెల్లెళ్లమిద్దరం కూచుని చీరలు మడతపెట్టేవాళ్లం. అప్పుడే తను పాడుకునేది. పక్కనే గాజుల దుకాణం నడిపే చాచాకు ఆ పాటలంటే ప్రాణం. పోటీ సంగతి చెప్పిందీ, బాపును ఒప్పించిందీ ఆయనే.

ప్రేక్షకుల ఓట్లు మొదలయ్యేసరికి తను గల్లీ మొత్తానికీ ఆడబిడ్డయిపోయింది. గాజులకని వచ్చినవాళ్లందరి చేతా చాచా ముందు ఫోను తీయించేవాడు.

"పహలే ఓటు, బాద్ మే గాజులు" అనేవాడు నవ్వుతూ.

ఫైనల్ సాయంత్రం గల్లీలో పెద్ద తెర కట్టారు. చివరికి మిగిలింది ఇద్దరు: మా చెల్లెలు, కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు. చెల్లెలు పాడాక జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడూ బాగా పాడాడు. అయితే అతను పాడే ముందు ప్రతిసారీ మంచం పట్టి మూలుగుతూ, దగ్గుతూ ఉన్న వాళ్లమ్మను చూపించేవారు. ఆమెకు కిడ్నీలు చెడిపోయాయి. ఓట్లలో అతనే గెలిచాడు.

 అతని పేరు చెప్పగానే ఎవరో కుర్చీ ఎత్తి తెర మీదికి విసిరారు.

"మోసం! మన ఓట్లు లెక్కనే పెట్టలే!"

మర్నాడు చెల్లెలు పోటీ నుంచి తిరిగి వచ్చేసరికి దుకాణం ముందు కెమెరాలు, జనం. ఆటో దిగీదిగకముందే తనను ముందుకు నెట్టారు.

"చెప్పు బిడ్డా, మోసం జరిగిందని చెప్పు!"

చెల్లెలి ముఖం పీక్కుపోయి ఉంది. "నాకు గదేం తెల్వదు. ఆయన మంచిగ పాడిండు. నాకు ఓట్లు తక్కువొచ్చినయ్, గంతే" అంది.

"గట్లంటవేంది? నీ కోసమే గద మేం గింత లొల్లి చేస్తున్నది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

తన మాటతో గొడవ చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. కోపమంతా ఆ కుర్రాడి మీదికీ, వాళ్లమ్మ మీదికీ మళ్లింది. ఆమె జబ్బు నాటకమని, ఆ మంచం కిరాయికి తెచ్చిందని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. కొన్ని ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు చేసినవి. కొన్ని మా గల్లీవాళ్లవే. ఒకదాంట్లో ఇద్దరు యువకులు ఆమెలాగే మూలుగుతూ, దగ్గుతూ పడీపడీ నవ్వారు. వాళ్లిద్దరూ మా దుకాణం ముందు నుంచే రోజూ వెళ్తారు. తీసెయ్యమని చెల్లెలు ఒక్కొక్కరికీ రాసింది. ఎంతకు అమ్ముడుపోయావని తననే తిట్టారు.

కొన్ని వారాలకు ఆ తల్లి చనిపోయింది. వార్తల్లో చూసి చెల్లెలు ఆ కుర్రాడికి ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"ఆఖరి రోజుల్లో అమ్మ ఫోను వదిలేది కాదండీ" అన్నాడు. "నేను లాక్కుంటే మళ్లీ తీసుకుని ఆ వీడియోలే చూసేది. 'నేను నాటకం ఆడానంట కదరా?' అని అడిగేది."

చెల్లెలు ఏడుస్తూ ఏదో చెప్పబోయింది.

"మీరేం అనలేదని తెలుసండీ. ఉంటాను" అని పెట్టేశాడు.

ఈ సంగతి చాచాకు నేనే చెప్పాను. ఆయన చేతిలో ఉన్న గాజుల డబ్బా కింద పెట్టేశాడు.

"నేను గూడ పంపిన బేటా, ఆ మంచం వీడియో. సచ్ అనుకున్న, నిజమేనని."

మిట్టమధ్యాహ్నమే షట్టర్ దించేసి ఇంటికి వెళ్లిపోయాడు. తక్కినవాళ్లు చప్పుడు చేయకుండా వీడియోలు తీసేసుకున్నారు.

చెల్లెలు పాడడం మానేసింది. ఒకసారి బాపు బతిమాలితే, "నోరు తెరిస్తే ఆ వీడియోల వాళ్లు దగ్గిన దగ్గే యాదికొస్తది బాపు" అంది. ఆయన మళ్లీ అడగలేదు.

మొన్న సంతోష్‌నగర్ నుంచి నలుగురు వచ్చారు. వాళ్ల బస్తీ పిల్ల ఒకతె కొత్త పోటీలో ఉందట. ఓట్లు వేయమని మా చెల్లెలు వీడియోలో చెప్పాలట.

"ఓడిపోతే ఏం చేస్తరన్నా?" అని అడిగింది చెల్లెలు.

"ఎట్ల ఓడిపోతది? ఓడగొడితే ఊకుంటమా?"

చెల్లెలు లేచి లోపలికి వెళ్లిపోయింది. వాళ్లకు ఏమీ అర్థం కాలేదు. అప్పుడు నేను ఆ తల్లి సంగతంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. "అయ్యో, పాపం" అన్నాడు ఒకతను. ఫోను తీస్తూ నన్ను అడిగాడు:

"అయితే వీడియోలో మీరు చెప్తరా అక్కా?"