నాలుగో చీటీ

మా ఇంట్లో ఆడపిల్ల పుడితే నర్సు పుట్టిందనేవారు. నాయనమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇద్దరు మేనత్తలూ నర్సులే. నాకేమో సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. "అలవాటైపోద్ది" అనేవారు.

నా మనసంతా నాన్న షాపులో ఉండేది. నర్సీపట్నంలో ఆయనది మోటార్ల రీవైండింగ్ షాపు. నాతవరం, రోలుగుంట రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి దించేవారు. బడి వదలగానే నేనక్కడ వాలిపోయి రాగి తీగ చుట్టేదాన్ని. పదో తరగతికి వచ్చేసరికి మోటారు చప్పుడు విని దాని రోగమేమిటో చెప్పేదాన్ని. మనుషుల రోగాలు నాకక్కర్లేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదవాలని పట్టుబట్టాను. తొంభైల చివర్లో మా వీధిలో ఆ మాట అన్న ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఎంట్రన్స్ రాసి మంచి ర్యాంకు కూడా తెచ్చుకున్నాను.

మా ఇంట్లో ఏ పెద్ద విషయమైనా చీటీలతోనే తేలేది. పేర్లు రాసి, బైబిల్లో పెట్టి, ప్రార్థన చేసి ఒకటి తీసేవారు. వచ్చింది దేవుడి మాట. ఇక దానిమీద నోరెత్తకూడదు. ర్యాంకు వచ్చాక మొదటి ఆదివారం ఆరాధన నుంచి రాగానే నాయనమ్మ నా చదువు కోసం మూడు చీటీలు మడిచింది. లాక్కుని విప్పి చూశాను. మూడూ పదో తరగతితో చేరే నర్సింగ్ స్కూళ్లే.

నాకు ఒళ్లు మండిపోయింది. "అన్నీ నువ్వే ఏరేశావు, ఇంక దేవుడు తీసేదేటుంది?" అన్నాను.

నాన్న గాభరాగా నా వైపు చూశాడు. వాళ్లమ్మకు ఎదురు చెప్పడం ఆయన ఎరగడు. నాయనమ్మ మాత్రం కోప్పడలేదు. ఇంకో కాయితం ముక్క చింపి పెన్ను పట్టుకుంది.

"సరే, నీ కాలేజీ పేరు సెప్పు, రాత్తాను."

నోరు తెరిచాను. పేరు రాలేదు. ఎలక్ట్రికల్ అంటూ ఏడాదిగా ఇల్లు పీకి పందిరేస్తున్నాను గానీ, ఎక్కడ చదవాలో ఒక్కరోజూ ఆలోచించలేదు.

"పేరు తెలీని కాలేజీకి దేవుడు మాత్రం ఏటి సేత్తాడే?" అంటూ ఆ ఖాళీ చీటీ నా చేతిలో పెట్టింది. "వారం టైమిత్తన్నాను. ఎల్లి సూసి రా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మంగళవారం నాన్న షాపు మూసి నన్ను విశాఖ బస్సెక్కించాడు. ముందు అందరూ మెచ్చుకునే ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లాం. అద్దాల తలుపులు, రంగుల పాంప్లెట్లు. ల్యాబ్ చూపించమంటే తాళం తేవడానికే అరగంట పట్టింది. లోపల మోటార్లకు ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. "పిల్లల్ని ముట్టుకోనివ్వమండీ, పాడైపోతాయి" అన్నాడు చూపించినాయన గర్వంగా. నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని బయటికొచ్చేశాం.

తర్వాత ప్రభుత్వ పాలిటెక్నిక్. గోడలకు సున్నం వేసి ఎన్నేళ్లయిందో! ల్యాబ్ గుమ్మం దాటగానే మా షాపు వాసన, అదే వేడెక్కిన వార్నిష్ వాసన. నలుగురు అబ్బాయిలు ఒక మోటారు చుట్టూ మూగి ఉన్నారు. అది మూలుగుతోంది గానీ తిరగడం లేదు.

"కెపాసిటర్ పోయుంటాది" అనేశాను, ఆగలేక.

లెక్చరర్ గారు నన్ను ఎగాదిగా చూసి, "అయితే మార్చమ్మా" అని స్క్రూడ్రైవర్ చేతికిచ్చారు. మార్చాను. స్విచ్చి వేయగానే మోటారు గిర్రున తిరిగింది. అబ్బాయిలు నోళ్లు వెళ్లబెట్టారు. నాకైతే గాల్లో తేలినట్టయింది, దాచుకోవడమెందుకు?

"ఇక్కడ రోజూ ఇలాగే విప్పనిత్తారాండీ?" అని అడిగాను.

"విప్పకపోతే తిడతాను" అన్నారాయన.

ఆ కాలేజీ పేరు అక్కడే, మసి చేతులతోనే చీటీ మీద రాసేశాను.

ఇంటికి రాగానే నాయనమ్మ నాలుగు చీటీలూ బైబిల్లో పెట్టి కళ్లు మూసుకుంది. నాలుగింట్లో మూడు ఆమెవే. అప్పుడు నాన్న నోరు విప్పాడు.

"అమ్మా, మనకి తెలీనప్పుడు కదా చీట్లు ఏత్తాం. దీనికి తెలుసు. నాను సూసొచ్చాను."

నాయనమ్మ కళ్లు తెరిచింది. చీటీలు బయటికి తీసి, నాది చదివి, తక్కినవి చింపేసింది. తర్వాత చేసిన ప్రార్థనలో కాలేజీ పేరు, బ్రాంచీతో సహా దేవుడికి విడమరిచి చెప్పింది.

కౌన్సెలింగ్‌లో గుమస్తా గారు, "ఆడపిల్లవి, కంప్యూటర్స్ ఖాళీ ఉందిగా అమ్మా" అన్నారు. "ఎలక్ట్రికలేనండీ" అన్నాను, హాలంతా వినపడేలా. సీటు నాదైంది.

ఆ వచ్చే ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి నాయనమ్మ లేచింది. మంచి జరిగితే అందులో మనుషుల గొప్పేమీ లేదని, అంతా దేవుడే చేశాడని చెప్పడం అక్కడ రివాజు.

"మా మనవరాలికి సీటొచ్చింది. దేవుడికి స్తోత్రం" అంది. కూర్చోబోయి, మళ్లీ నిలబడింది.

"కాలేజీ మాత్రం మా పిల్లే సూసి ఎంచుకుందండి."