కారు కడిగే చేయి

ఆ వీధిలో ఎవరి కారు మీద కాకి రెట్ట వేసినా, ఎవరి సీటు మీద కాఫీ ఒలికినా తిన్నగా వచ్చి రిటైరైన గుమాస్తా గారి గేటు తట్టేవారు. ఆయన కారు ఎంత పాతదైనా నిన్న మొన్న కొన్నట్టుండేది మరి. ఆయన కళ్ళజోడు సవరించుకుని, గొంతు సర్దుకుని మొదలుపెట్టేవాడు. "రెట్టని గోకకూడదండీ. తడిగుడ్డ కాసేపు దాని మీద వేసి ఉంచండి, అదే నానుతుంది. అప్పుడు మెల్లిగా ఎత్తెయ్యాలి." వాళ్ళు బుద్ధిగా తలలూపేవారు. లోపల కుట్టుమిషను దగ్గర కూర్చున్న ఆయన భార్య పళ్ళు నూరుకునేది. ఎందుకంటే ఆ మహానుభావుడు ఆ కారు మీద ఏనాడూ చెంబెడు నీళ్ళు పోసి ఎరుగడు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా!

కడిగేదంతా ఆవిడే. వీధిలో ఆవిడను టైలరమ్మ అంటారు, మనమూ అలాగే అందాం. ఎండెక్కకముందే లేచి కారు నీడలో ఉండగానే పని మొదలుపెట్టేది. ముందు ఉత్త నీళ్ళు ధారగా పోసి దుమ్ము జారిపోనిచ్చేది. దుమ్ము మీద గుడ్డ పెట్టి రుద్దడమంటే ఇసక కాగితంతో రుద్దినట్టేనని ఆవిడ లెక్క. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు. పైకప్పు నుంచి కిందికి రావాలి, చక్రాలు ఆఖరున. చక్రాల గుడ్డ వేరు, ఒంటి గుడ్డ వేరు. పాత బనియన్లు కత్తిరించి, అంచుల కుట్లు విప్పేసి గుడ్డలు తయారుచేసుకునేది, కుట్టు కూడా గీత పెడుతుందని. గుడ్డ నేల మీద పడిందా, అంతే, దానికి ఇక కారు ముట్టుకునే యోగం లేదు. లోపల మ్యాట్లకు వంటసోడా చల్లి, ఏసీ సందుల్లో పెయింటు కుంచెతో దుమ్ము లాగేది. ఆ కారులో ఆవిడ చేయి తగలని చోటు లేదు. స్టీరింగు కూడా పట్టుకుంది, తుడవడానికి.

ఇంత చేశాక ఎక్కడికైనా బయలుదేరితే గుమాస్తా గారు లోపల కూర్చుని తలుపు తెరిచి, "చెప్పులు దులుపుకుని ఎక్కు," అనేవాడు. తను ఉతికిన మ్యాటు మీద కాలు పెట్టడానికి తనే చెప్పులు దులుపుకోవాలి! ఎవరికైనా చెబితే నవ్వుతారు గానీ ఆవిడకు ఒళ్ళు మండేది. అయినా దులుపుకునేది. ఊరికి ఆ చివర ఆవిడ అక్క ఉంది. జారిపడి నడుం విరిగి మంచం పట్టిన మనిషి. అక్కను చూడాలంటే ఈయన్ని బతిమాలాలి. తీసుకెళ్ళినా లోపలికి రాడు. అక్కాచెల్లెళ్ళు మాటల్లో పడ్డారో లేదో బయటి నుంచి హారన్ మోగేది.

ఒకరోజు సాయంత్రం గుమాస్తా గారు కారు లోపలికి తెస్తూ గేటు స్తంభానికి గీశాడు. స్తంభం అక్కడ లేదనే అనుకున్నాడట. కళ్ళ డాక్టరు చూసి, కుడి కన్ను బాగా మందగించింది, ఇక బండి నడపొద్దని చెప్పేశాడు. ఇంటికొచ్చి ఆయన కుర్చీలో కూలబడ్డాడు. పాపం, బాధే. భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మేస్తా," అన్నాడు ఆయన.

"ఎందుకమ్మడం? నేను నేర్చుకుంటాను."

నీళ్ళు తాగుతున్న ఆయనకు పొలమారింది. ఆ దగ్గులోంచే నవ్వు వచ్చింది. "నువ్వా? యాభై దాటాక? కడగడం వచ్చినంత మాత్రాన నడపడం వస్తుందటే?"

"మరి అక్కని ఎలా చూడను?"

"బస్సులున్నాయిగా."

టైలరమ్మ నోట్లో నాలుక లేని మనిషి అని చుట్టాలంతా అనుకుంటారు. ఆ సాయంత్రం వాళ్ళలో ఒక్కరున్నా బాగుండేది. ఆవిడ లేచి గూట్లోంచి బనియన్ గుడ్డల మూట తీసి ఆయన ఒళ్ళో పడేసింది. "నడపడం మీదే అయితే, కడగడం కూడా మీదే. కానివ్వండి. కొనేవాళ్ళకి మీరే కడిగి చూపించుకోండి," అని మిషను ముందు కూర్చుంది.

బస్సులున్నాయని ఆయన అన్నాడు గదా, వెళ్ళింది. రెండు బస్సులు మారి, నిలబడి నిలబడి చేరేసరికి అక్క మందు మత్తులో నిద్రపోతోంది. పక్కన కూర్చుని కాళ్ళు నొక్కుతూ ఉండిపోయింది. అక్క కళ్ళు తెరిచేసరికి తిరుగు బస్సు వేళయింది. "అప్పుడేనా చెల్లీ? ఇప్పుడేగా నేను లేచింది?" అంది అక్క. బస్సులో కిటికీ పక్కన కూర్చుని టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. మర్నాడే వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

ఇక్కడ గుమాస్తా గారి ప్రతాపం చూడాలి. మందుల షాపాయన కారు చూడ్డానికి వస్తానంటే, మిట్టమధ్యాహ్నం ఎండలో, కాలిపోతున్న రేకు మీద గిన్నెలు తోమే సబ్బుతో మొదలుపెట్టాడు. నీళ్ళు పోసిన చోట పోసినట్టే ఆరి తెల్లటి చారలు కట్టాయి. గుడ్డ చేజారి మట్టిలో పడింది. తీసి, విదిలించి, దాంతోనే గుండ్రంగా, బలం కొద్దీ రుద్దాడు. టైలరమ్మ కిటికీలోంచి చూసింది. పరిగెత్తుకెళ్ళి ఆ గుడ్డ లాక్కోవాలని చేతులు దురదపెట్టాయి. కన్నబిడ్డను ఎవరో కొడుతున్నట్టుంది. అయినా కదల్లేదు. మందుల షాపాయన వచ్చి, బానెట్ మీద సున్నాలు చుట్టినట్టున్న గీతలు చూసి, "మీ కారంటే అద్దంలా ఉంటుందన్నారే!" అని వెనక్కి వెళ్ళిపోయాడు.

"సబ్బు మంచిది కాదు," అన్నాడు గుమాస్తా గారు.

"ఆడలేక మద్దెల ఓడు," అంది లోపలి నుంచి భార్య.

డ్రైవింగ్ స్కూల్లో నేర్పే అమ్మాయి మొదటిరోజే, "క్లచ్చు మీద కోపం చూపించకండి ఆంటీ, అది మీ ఆయన కాదు," అంది. టైలరమ్మకు నవ్వాగలేదు. మిషను తొక్కిన కాలు గదా, క్లచ్చు తొందరగానే మాట విన్నది. రివర్సే ఏడిపించింది. మొదటి పరీక్షలో వెనక్కి పోతూ హద్దుకు పెట్టిన డ్రమ్ము పడేసింది, ఫెయిలయింది. ఇంట్లో ఆయన పేపరు అడ్డం పెట్టుకుని అడిగాడు. "ఇవాళ ఎన్ని పడగొట్టావ్?"

"ఒకటి. మీ స్తంభంతో సమానం చేశాను."

ఆయన పేపరు కిందికి దించలేదు. ఆవిడ మళ్ళీ వెళ్ళింది. వీధిలో ఒకరిద్దరు, "ఈ వయసులో ఎందుకమ్మా?" అన్నారు. "ఈ వయసులోనే గదా అక్క మంచం పట్టింది," అంది ఆవిడ. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మొండి ఆడదాని సంగతి ఎవరూ చెప్పలేదు గానీ, రెండోసారి పాసైంది. లైసెన్సు ఇంటికొచ్చిన రోజు దాన్ని కత్తెరలు పెట్టుకునే డబ్బాలో దాచి, ఆయనకు చెప్పలేదు.

ఆ ఆదివారం మందుల షాపాయన మళ్ళీ వస్తానని కబురు పెట్టాడు. ఇంకెక్కడా సరైన కారు దొరకలేదట. గుమాస్తా గారు దిగాలుగా కూర్చున్నాడు. ఆదివారం తెల్లారేసరికి వాకిట్లో నీళ్ళ చప్పుడైంది. వెళ్ళి చూస్తే రెండు బకెట్లు, కొంగు బిగించిన భార్య! ఆయన ముఖం విప్పారింది. "దారికొచ్చావన్నమాట," అన్నాడు. ఆవిడ కడిగి ఆరబెట్టి, పాలిష్ వేలితో తీసుకుని, ఆయన గీసిన సున్నాలను ఒక్కొక్కటే తిన్నని గీతల్లో రుద్దుకుంటూ పోయింది. మసకబారిన హెడ్‌లైట్లకు టూత్‌పేస్టు పట్టించి కడిగింది. పాత పేపరుతో అద్దాలు తుడిచింది. ఎండ గోడ దాటి వాకిట్లోకి వచ్చేసరికి కారు తళతళలాడుతోంది. స్తంభం గీసిన గీత ఒక్కటి మాత్రం పోలేదు. అది లోతైనది.

మందుల షాపాయన గేటు దగ్గరే ఆగిపోయి, "ఇదీ కారంటే!" అన్నాడు. గుమాస్తా గారు గొంతు సర్దుకున్నాడు. "అంతా కడిగే పద్ధతిలో ఉందండీ. రెండు బకెట్లు..."

ఆ మాట పూర్తి కాలేదు. టైలరమ్మ చేతులు తుడుచుకుని, మేకుకున్న తాళం తీసుకుని, చెప్పులు దులుపుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకు లాక్కుంది. అద్దం తన కళ్ళకు అందేలా తిప్పుకుంది.

"ఏమే, దిగు! ఏంటిది?"

"కాస్త పక్కకి జరగండి. స్తంభం కనిపించట్లేదు."

ఆయన జరిగాడు, ఎందుకు జరిగాడో ఆయనకే తెలీదు. మందుల షాపాయనా జరిగాడు. ఆవిడ తనను ఏడిపించిన ఆ రివర్సు గేరే వేసింది. కారు వెనక్కి నిదానంగా కదిలి, రెండు స్తంభాల మధ్య నుంచి ఎక్కడా తగలకుండా వీధిలోకి వచ్చింది. ఎదురింటి వాళ్ళు, పక్కింటి వాళ్ళు, సలహాల కోసం వచ్చేవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. వీధి చివరిదాకా వెళ్ళి, తిప్పుకుని, గేటు ముందు ఆపింది.

"బేరం లేదండీ," అంది అద్దం దించి. "ఈ కారు నాకు కావాలి. మిమ్మల్ని తిప్పించినందుకు ఏమనుకోకండి."

మందుల షాపాయన గుమాస్తా గారి వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "నడిపే మనిషి ఉండగా అమ్మడమేంటండీ?" అని దారి పట్టాడు.

గుమాస్తా గారు ఒక్కడే నిలబడ్డాడు. కోపమూ సిగ్గూ ఏది ముందో తెలియని ముఖం. టైలరమ్మ పక్క తలుపు లోపలి నుంచి తెరిచింది.

"అక్క దగ్గరికి వెళ్తున్నా. తను కడుపు నిండా మాట్లాడేదాకా లేవను. ఎవరూ హారన్ కొట్టరు. వస్తారా?"

ఆయన వీధి వంక చూశాడు. అందరూ చూస్తున్నారు. తల వంచుకుని కారు దగ్గరికి వచ్చి, తలుపు పట్టుకుని, ఒక కాలు ఎత్తాడు.

"ఆగండి," అందావిడ. "చెప్పులు దులుపుకుని ఎక్కండి."

ఆయన ఎత్తిన కాలు అలాగే ఆగింది. తర్వాత మెల్లిగా దించి, వంగి, చెప్పులు రెండూ విప్పి ఒకదానితో ఒకటి కొట్టి దులిపాడు. ఆయన ఎక్కి తలుపు వేసుకునేదాకా ఆగి, ఆవిడ మొదటి గేరు వేసింది.